బతూల్ పేరు పిలిచాక

హాతిమ్ తల్లికి,

సలాం. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఇక్కడ అందరం అంటే నేనొక్కడినే కాబట్టి, నేను క్షేమం. నువ్వూ, నీ ఆసుపత్రీ, నీ చేతుల మీదుగా పుట్టిన పిల్లలూ, వాళ్ల తల్లులూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. హాతిమ్ పోర్ట్ సూడాన్ నుంచి ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తున్నాడు. ఓడరేవులో పని బాగానే ఉందట, జుట్టు మాత్రం రాలిపోతోందట. అది మీ వైపు పోలిక అని చెప్పాను.

నీ ఉత్తరాన్ని, ఎండు బెండకాయ పొడిని హాజ్జా నఫీసా భద్రంగా తెచ్చింది. మెట్లెక్కే ఓపిక లేక కింద నుంచే కేకేసింది, కైరో ఫైసల్ వీధి మొత్తం వినేలా.

"ఓ మాస్టారూ! దిగి రావయ్యా! కొస్తీ నుంచి మీ ఇంటావిడ ఉత్తరమిచ్చింది. ఇచ్చేటప్పుడు ఆవిడ మొహం చూస్తే నాకే భయమేసింది. ఏం చేశావేంటి?"

ఏమీ చేయలేదన్నాను.

"ఏమీ చెయ్యనోడు అట్లా తడబడడులే," అని బస్సు మూటలు సర్దుకుంటూ వెళ్లిపోయింది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. మోకాలు అలాగే ఉంది, నాలుగో అంతస్తు కూడా అలాగే ఉంది, రెండింటికీ పడటం లేదు. అన్నం సంగతి అడిగావు. పొద్దున ఫూల్ బండి వాడి దగ్గర బీన్స్ కూర, రాత్రికి పొద్దున మిగిలింది. కిస్రా రొట్టె అమ్మే ఆవిడ పక్క వీధిలో ఉంది గానీ, ఒక్కడికోసం రెండు రొట్టెలు కొంటుంటే ఆవిడ నన్ను చూసే చూపు నాకు నచ్చదు. పెద్ద పళ్లెంలో ఒక్క చెయ్యి పెట్టి తినడం నాకింకా అలవాటు కాలేదు. ఎవరూ లాక్కోరు, ఎవరూ నా వైపు మాంసం ముక్క తోయరు. అందుకే పళ్లెం మానేసి గిన్నెలో తింటున్నాను. ఇంటి యజమానురాలు మంచిదే. వారానికోసారి పలకరిస్తుంది, నీళ్ల మోటారు గురించి.

ఇక నీ చివరి ప్రశ్న. అది చదివి ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. టీ కాచుకుని తాగి మళ్లీ విప్పి చూశాను. అప్పుడూ అదే ఉంది. నువ్వేం రాశావో నీకు గుర్తుండకపోతే మళ్లీ రాస్తున్నాను, ఇన్నిసార్లు చదివేసరికి నాకు కంఠతా వచ్చేసింది.

"ఏమండీ, మీ శిష్యులట, గడ్డాలు కూడా సరిగా రాని ముగ్గురు కుర్రాళ్లు, ప్రసూతి వార్డు గుమ్మంలో నిలబడి పోయినవాళ్ల కోసం చదివే ఫాతిహాకని అరచేతులెత్తారు. మీరే పోయారనుకున్నా. తీరా చూస్తే పోయింది ఎవరో బతూల్ అట. ప్రతి పాఠంలోనూ మీరు ఆవిణ్ణి పేరు పెట్టి పలకరించేవారట, ఈమధ్య ఆ పేరు వినపడటం లేదట. ఈ ఊళ్లో అందరికీ నేను ఉమ్ హాతిమ్‌నే, హాతిమ్ తల్లినే. నా పేరూ బతూలేనని ఆ పిల్లలకేం తెలుసు? వాళ్లతో పాటు నేనూ చేతులెత్తి ఆ మహాతల్లి కోసం ఫాతిహా చదివాను. ఇప్పుడు చెప్పండి, ఎవరావిడ? లోకంలో నా పేరే దొరికిందా మీకు? కైరోలో రెండో కాపురం పెట్టుంటే మగాడిలా ఒప్పుకోండి. అంతేగానీ ఆవిణ్ణి చంపేసి నా చేత ఫాతిహా చదివించకండి."

చెబుతాను. కాకపోతే మొదట్నుంచీ చెప్పనివ్వు. పాఠం మధ్యలోంచి ఎత్తుకోవడం నాకు రాదని నీకు తెలుసు.

యుద్ధం వచ్చాక మన విశ్వవిద్యాలయం ఇప్పుడు గోడలూ తలుపులూ లేకుండా ఫోన్లలో కాపురం చేస్తోంది కదా. ఇలా దూరం నుంచి చెప్పే అధ్యాపకులందరూ ఈ టర్ములోనే ఒక శిక్షణ పూర్తి చేయాలని ఆదేశం వచ్చింది. పూర్తి చేయనివాళ్ల పాఠాలు వచ్చే టర్ము నుంచి ఇంకెవరో రికార్డు చేసిన వీడియోలకు అప్పజెబుతారట. నాకు కోపం వచ్చింది. ఖర్తూమ్‌లో ముప్పై ఏళ్లు మట్టి గురించి చెప్పినవాడికి, చెప్పడం ఎలాగో నేర్పుతారా అని. కానీ కోపం కంటే భయం ఎక్కువ. నిజం చెప్పాలంటే, ఆ పాఠాలు పోతే నాతో మాట్లాడే మనిషంటూ మిగలడు. రోజు మొత్తంలో నన్ను సార్ అని పిలిచేది ఆ నలభై మంది పిల్లలే. అందుకే నోరు మూసుకుని చేరాను.

నేర్పే ఆవిడ రిహాబ్, ట్యునీషియా అమ్మాయి. మన హాతిమ్ కంటే నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది. మొదటిరోజు యెమెన్ నుంచి, ఇరాక్ నుంచి చేరిన పెద్దపెద్ద అధ్యాపకులందరి ముందూ, "ప్రొఫెసర్ గారూ, మీ నుదురు చాలా బాగుంది, దాని కింద మొహం కూడా ఉంటే కాస్త చూపిస్తారా?" అంది. ఫోను నేను టీ గ్లాసుకు ఆనించి పెట్టాను మరి.

మొదట్లో ఆమె చెప్పిన దేన్నీ చెవిన పెట్టలేదు. ఒకరోజు మాత్రం నన్ను పట్టేసింది. ప్రయోగశాల లేకుండా నేలను గురించి ఎలా చెప్పమంటావు, నా పిల్లల దగ్గర ఏముందని అన్నాను. "కాళ్ల కింద మట్టి కూడా లేదా సార్?" అని అడిగింది. ఆ వారం పిల్లలకు చెప్పాను, ఎక్కడున్నవాళ్లు అక్కడి గుప్పెడు మట్టి తడిపి, వేలితో నొక్కుతూ పట్టీలా సాగదీయండి, ఎంత సాగిందో, చేతికి ఎలా తగిలిందో వాయిస్ మెసేజ్‌లో చెప్పండి అని. కస్సలా నుంచి చెప్పారు, చాద్ సరిహద్దు శిబిరం నుంచి చెప్పారు. నాకు రెండు వీధుల అవతల ఉండే తైసీర్ అనే అమ్మాయి, "సార్, నాది చాలా పొడుగు సాగింది, నల్ల బంకమట్టి," అంది. కైరోలో నల్ల బంకమట్టి ఎక్కడిదమ్మా అన్నాను. "జజీరాలో ఇంటి నుంచి పారిపోయి వచ్చిన రోజు వేసుకున్న బూట్లు సార్, అడుగున ఎండిపోయి ఉంది, గీకాను," అంది. ఆ మెసేజ్ నేను చాలాసార్లు విన్నాను. రిహాబ్ కూడా విన్నది, ఇంకోసారి వినిపించమంది.

ఆమె నేర్పిన ఇంకో సంగతి వింటే నువ్వు నవ్వుతావు. ప్రశ్న అడిగాక ఆగాలట. ఊపిరి తీసి వదలాలి, మళ్లీ తీసి వదలాలి. "మీరే అడుగుతారు, మీరే జవాబు చెప్పేస్తారు. ఎదుటివాళ్లకి చోటేదీ?" అంది. పెళ్లయిన దగ్గర్నుంచీ నువ్వు అంటున్నదే! నాకు చేతకాలేదు. ఈ గదిలో నిశ్శబ్దం కావలసినంత ఉంది, డబ్బిచ్చి నేర్చుకున్నట్టు దాన్ని పాఠంలోకి కూడా తెచ్చుకోవడం దేనికని నా గోల.

తర్వాత పలకరింపు దగ్గరకు వచ్చింది. మన పిల్లల దగ్గర వీడియో చూసేంత నెట్ ఉండదు కనుక నా పాఠాలన్నీ వాయిస్ మెసేజ్‌లే. ఒకదాన్ని నమూనాగా ఇచ్చాను, మా ఫోను గుంపులోని పాత మెసేజ్‌లూ పంపాను. విని, "ప్రొఫెసర్ గారూ, ఇందులో మూడో వంతు పలకరింపే. ఎలా ఉన్నారు, బాగున్నారా, అమ్మ బాగుందా, నాన్న బాగున్నాడా, జ్వరం తగ్గిందా, వాన పడిందా... నేల ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. కాస్త కుదించండి," అంది. సరేనన్నాను. అప్పుడు అడిగింది.

"వీటిలో బతూల్ అని ఒకమ్మాయిని ప్రతిసారీ ఆఖర్న పలకరిస్తున్నారు. మిగతా అందరి దగ్గర్నుంచీ ఎప్పుడో ఒకప్పుడు జవాబులున్నాయి. ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఒక్క మెసేజ్ లేదు. ఏమైందో కనుక్కున్నారా?"

లేదన్నాను.

"మాట వినపడని పిల్ల కోసం ముందు వెతకాలి సార్. దూరం చదువులో మొదటి పాఠం అదే. ఇంతకీ ఆ అమ్మాయి ఉన్నట్టా, లేనట్టా?"

నెట్ సరిగా లేదని చెప్పి ఫోను కట్టేశాను.

బతూల్ ఎవరో నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, అయినా నా చేత రాయించాలని కూర్చుని ఉంటావు. రాస్తున్నాను. బతూల్ నువ్వే. రెండో కాపురమూ లేదు, మన్నూ లేదు. ఉన్న ఒక్క కాపురం కొస్తీలో ప్రసూతి వార్డు వదిలి రానంటోంది.

పోయిన టర్ములో ఒకరోజు పిల్లల పేర్లు ఒక్కొక్కటే పిలిచి పలకరిస్తూ పోతున్నాను. పేర్లు అయిపోయాయి. ఇంకా ఎవరో మిగిలినట్టు అనిపించింది. నోరు దానంతటదే, "బతూల్, నువ్వెలా ఉన్నావు, ఒంట్లో బాగుందా?" అనేసింది. అన్నాక చెరపబుద్ధి కాలేదు, అలాగే పంపేశాను. ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పరాయివాళ్ల ముందు పెళ్లాం పేరు ఎత్తే మగాడు మనలో ఎక్కడున్నాడు? నలభై మంది ముందు నేను ఆ పని చేస్తానని ఎవరనుకుంటారు? నువ్వెవరో తమలాంటి విద్యార్థిని అనుకున్నారు, ఎక్కడో నెట్ అందని చోట చిక్కుకుపోయావనుకున్నారు. పాపం ఒకడు, "సార్, బతూల్‌కి పాఠాలు అందకపోతే ఆమె ఎక్కడుందో చెప్పండి, ఎవరితోనైనా పంపుతాను," అన్నాడు కూడా.

అప్పట్నుంచీ మానలేకపోయాను. ఆలోచిస్తే నాకే వింతగా ఉంటుంది, మన పెళ్లిలో కూడా నీ పేరు పలికింది మీ నాన్నే. నేను ఒప్పుకున్నాను అన్నానంతే. హాతిమ్ పుట్టినప్పుడు ఆసుపత్రిలో మా ఇంటివాళ్లు ఎలా ఉన్నారని అడిగితే, "ఇంటివాళ్లకి పేరుండదా ఏంటి?" అని నర్సు కసిరింది, అయినా చెప్పలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇదిగో అంటే పలికేదానివి. పిలవాల్సిన అవసరం రాలేదు. ఇక్కడికొచ్చాక ఈ గదిలో ఇదిగో అంటే పలికేవాళ్లు లేరు. అందుకని పేరు పెట్టి పిలిచాను.

ఇంతవరకూ చెప్పడం సులువు. ఇక ముందుది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా నీతో కాక ఎవరితో చెప్పుకోను?

రిహాబ్ ఆ ప్రశ్న అడిగిన రోజులు గుర్తు చేసుకో. మీ వైపు దారి తెగిపోయింది. బస్సులు లేవు. శాటిలైట్ నెట్ పెట్టి గంటల లెక్కన ఫోన్లు చేయించే ఆ దుకాణమూ మూసేశారు. కొస్తీలో ఉన్న నా విద్యార్థుల నుంచి ఒక్క మెసేజ్ లేదు. హాతిమ్‌కూ మీ కబురు లేదు, వాడు నాకు ధైర్యం చెప్పడం, నేను వాడికి ధైర్యం చెప్పడం, ఇద్దరం అబద్ధాలే. ఉన్నట్టా లేనట్టా అని ఆమె అడిగిన ప్రశ్న ఇంటికొచ్చి నాతోనే కూర్చుంది. ఆ తర్వాతి పాఠం రికార్డు చేయబోతే నీ పేరు దగ్గర ఆగిపోయాను. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అక్కడే ఆగాను. చివరికి పలకరింపు మొత్తం తీసేసి, తిన్నగా బంకమట్టిలో మొదలుపెట్టి పంపేశాను. కుదించమన్నారుగా, కుదించానని నాకు నేనే చెప్పుకున్నాను.

మనవాళ్ల సంగతి నీకు తెలియదా! పలకరింపు లేకుండా మాట మొదలుపెట్టాడంటే వాడి ఇంట్లో ఏదో అయ్యుండాలి. రెండు పాఠాలు అలా వెళ్లేసరికి గుంపులో గుసగుసలు. సార్‌కి ఏమైంది? గొంతు విన్నారా? బతూల్ పేరు రావడం లేదు చూశారా? అని. మర్నాటికి ఒకడు ఫాతిహా రాసి పెట్టాడు. దాని కింద ఇంకా ముప్పైకి పైగా.

అప్పుడే చెప్పేయాల్సింది. అయ్యా, బతూల్ విద్యార్థిని కాదు, మా ఆవిడ, నా దగ్గర కబురు లేదు అని. ఆ మాట అనడానికి సిగ్గేసింది. అంతకంటే, మీరు పొరబడ్డారు అని వాళ్లతో అనే ధైర్యం నాకు లేదు. పొరబడ్డారో లేదో నాకే తెలియదు. అందుకని, పరామర్శకు వచ్చినవాళ్లతో మనం ఏమంటామో అదే అన్నాను. అల్లా మీకు మేలు చేయాలి అని. నిన్ను పోయినవాళ్లలో కలిపేశాను.

సాయంత్రానికి తైసీర్, వాళ్లమ్మ సిత్తనా, ఇంకా ఈ చుట్టుపక్కల ఉన్న పిల్లలూ వచ్చేశారు. పెద్ద పళ్లెంలో అసీదా ముద్ద, మాంసం వేసిన బెండకాయ పులుసు. ఎవరో కుర్చీలు తెచ్చారు. తలుపు మూయనివ్వలేదు. సిత్తనా నా పక్కన కూర్చుని, "ఏడవండి మాస్టారూ, మగాళ్లు ఏడవకపోతే అదంతా మోకాళ్లలోకి దిగుతుంది," అంది. నా మోకాలి సంగతి ఆవిడకెలా తెలిసిందో! ఆ పిల్ల మీకేమవుతుందని అడిగింది. చాలా దగ్గర అన్నాను. ఇంకేమీ అడక్కుండా మాంసం ముక్క నా వైపు తోసింది.

ఏడ్చాను. ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాను. నువ్వు పోయావని నమ్మే ఏడ్చాను. ఆ ఏడుపు మధ్యలో, చెబితే ఛీ అంటావు, నాకు హాయిగా ఉంది. గది నిండా మనుషులు. ఒకే పళ్లెంలో ఆరు చేతులు. మూడు రోజులూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు, నన్ను పలకరిస్తూనే ఉన్నారు. నువ్వు ప్రాణాలతో ఉన్నన్నాళ్లూ ఈ గది గుమ్మం తొక్కని మనుషులు నువ్వు పోయావనగానే వచ్చారు, నేను వాళ్లను వెళ్లమనలేదు. నేను దాచింది ఇది. రెండో పెళ్లి కంటే ఇదే పెద్ద తప్పని నాకు అనిపిస్తోంది.

తర్వాత కొస్తీలో నెట్ దుకాణం తెరిచారు. ముఅతసిమ్ మెసేజ్ వచ్చింది, నీ దగ్గరకు వచ్చిన ముగ్గురిలో సన్నగా ఉండేవాడు. "సార్, గుంపులో కబురు ఇప్పుడే చూశాం. బతూల్ వాళ్లది ఏ ఊరో మాకు తెలియదు, అందుకని ఆసుపత్రికెళ్లి మీ ఇంటివారినే పరామర్శించాం. ఆవిడా మాతో పాటు చేతులెత్తారు. టీ ఇచ్చారు. మీరు వేళకు తింటున్నారా అని మూడుసార్లు అడిగారు," అన్నాడు.

నువ్వు పోయావన్న పరామర్శలోనే నువ్వు ఉన్నావన్న కబురు వచ్చింది. మెట్ల మీద కూలబడి నవ్వుతుంటే ఇంటి యజమానురాలు పైకి చూసి, మోటారు పాడైందా అని అడిగింది. మోటారు బ్రహ్మాండంగా ఉందని చెప్పాను. వెంటనే హాతిమ్‌కు ఫోన్ చేశాను.

ఇప్పుడు నా చిక్కు విను. నెలాఖరులోగా చివరి నమూనా పాఠం ఇవ్వాలి. అది ఇస్తేనే శిక్షణ పూర్తవుతుంది, పాఠాలు నా దగ్గర ఉంటాయి. జరిగిందంతా రిహాబ్‌కు చెప్పాను. ముందు నవ్వింది, తర్వాత తిట్టింది. "పలకరింపు కుదించమన్నాను గానీ కోసి పారేయమన్నానా? మీ పిల్లలు ఇంకా ఆవిడ కోసం దుఆ చేస్తూనే ఉన్నారు. ముందు వాళ్లకి నిజం చెప్పండి. పాఠం సంగతి తర్వాత," అంది. నిజం చెప్పకుండా వాళ్లకు ఇంకో పాఠం చెప్పడం నా వల్లా కాదు.

అందుకని ఆ చివరి పాఠం మొదట్లోనే నిజం చెబుతూ రికార్డు చేశాను. బతూల్ బతికే ఉందని, ఆమె నా భార్య అని, కొస్తీలో ప్రసూతి వార్డులో పనిచేస్తుందని, మీ కన్నీళ్లు వృథా చేసినందుకు నన్ను క్షమించమని చెప్పాను. కానీ గుంపులో ఇంకా పెట్టలేదు. ముఅతసిమ్ ఒక్కడికే పంపాను, ఈ ఉత్తరం నీకు అందాకే వచ్చి వినిపించమన్నాను. పేరు నీది. నలభై మంది ముందు అది నీదేనని చెప్పడం నీకిష్టం లేకపోతే వాడితో ఆ మాట అను, పంపను. శిక్షణ పోతే పోనీ, పాఠాలూ పోనీ. ఈసారి నిన్ను అడక్కుండా చేయను.

వినేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకో. అందరి పేర్లూ అయ్యాక ఆఖర్న నీ పేరు వస్తుంది. బతూల్, ఎలా ఉన్నావని అడుగుతాను. ఆ తర్వాత ఏమీ వినపడదు. మా గదిలోని పాత ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఫోను చెడిపోయిందని ముఅతసిమ్ మీద అరవకు. నేను ఆగాను. ఊపిరి తీసి వదిలాను, మళ్లీ తీసి వదిలాను. నా జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్న అడిగి నోరు మూసుకుని కూర్చున్నాను. అక్కడ నువ్వు జవాబు చెప్పు. బాగున్నానని చెప్పు, మోకాలికి నూనె రాసుకో అని చెప్పు, సిగ్గులేని మనిషీ అని తిట్టు. వార్డులో వాళ్లు నవ్వితే నవ్వనీ. నాకు వినపడదు, అయినా చెప్పు. నువ్వు చెప్పడం అయ్యాకే నేను మట్టి సంగతి ఎత్తుకున్నాను.

ఇట్లు,
బతూల్ భర్త